హస్త కార్తెకు ముందే చెరువు కట్టను చూచుకొనుడు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో సాలీనా కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందును ఎక్కువ వాన సెప్టెంబరు, అక్టోబరు నెలలలోనే కురియును. ఉత్తర కార్తె మొదలు స్వాతి కార్తె వరకు గల ఆ కొద్ది వారములలోనే మన చెరువులు నిండవలెను. మూడు నాలుగేండ్లు బీటలు వారియుండిన చెరువు ఒక్క రాత్రిలో నిండి మరవ పారుట ఈ సీమలో క్రొత్త గాదు. తెల్లవారుసరికి ఊరంతయు కట్ట మీద చేరి సంతోషించుటయా, లేక ఆయకట్టులో ఇసుక మేట చూచి విచారించుటయా అన్నది ఆ రాత్రి చేసిన పనిని బట్టి ఉండదు. దానికి ముందు రెండు నెలలలో పంచాయతీ చేసిన పనిని బట్టి ఉండును.

చెరువు నిండియున్నప్పుడే కట్టకు ప్రమాదమని పలువురు తలంతురు. నిజమునకు చెరువు ఎండియున్న కాలముననే కట్టకు ఎక్కువ చేటు కలుగును. ఎండకు మన్ను పగులును. పందికొక్కులు, ఎండ్రకాయలు బొరియలు చేయును. చెదపుట్టలు లేచును. సర్కారుతుమ్మ వేరు లోపలికి చొచ్చుకొని పోవును. ఆ చెట్టును వంటచెరకునకు నరికి మొద్దును వదలివేసినచో, వేరు కుళ్ళి కట్టలో ఒక గొట్టము వంటి దారి ఏర్పడును. బండ్లు, ట్రాక్టర్లు దాటుచోట కట్ట అరిగి పల్లమగును. ఇవి యన్నియు నీరు లేనప్పుడు కంటికి ఆనవు. నీరు మాత్రము వాటిని వెదకికొనును.

కాబట్టి శ్రావణ మాసములోనే ఒకనాడు సభ్యులు, ఆయకట్టు రైతులు, నీరుగంటి కలసి కట్ట ఈ కొననుండి ఆ కొన వరకు నడువవలెను. ఒకరు కట్టపైన, ఒకరు లోపలి వాలున, ఒకరు వెలుపలి వాలు మొదట నడచుట మంచిది. మేస్త్రీలు వాడు నీటిమట్టపు గొట్టము నొకదానిని తీసికొనిపోయి, మరవ పైమట్టముతో కట్ట మట్టమును అక్కడక్కడ సరిచూడవలెను. కట్ట ఎంత ఎత్తున్నదని అడిగిన ప్రయోజనము లేదు. దానిలో అన్నింటికంటె పల్లమైన చోటు ఎంత ఎత్తున్నదో అదియే ఆ కట్ట ఎత్తు.

వాన కోతలను పూడ్చుటలో ఒక పొరపాటు తరచు జరుగుచున్నది. గంపలతో మన్ను తెచ్చి కోతలో పోసి, పైన పారతో తట్టి వచ్చెదరు. ఆ మన్ను పాత కట్టతో కలియదు. మొదటి వానకే జారిపోవును. ముందుగా గడ్డిని, వేళ్ళను తీసివేసి, కోతను మెట్లు మెట్లుగా చెక్కి, తడిపి, అరయడుగు మందమున మన్ను పరచి దిమ్మిసతో కొట్టి, దానిపై మరియొక పొర వేయవలెను. మన్నును కట్ట మొదటినుండి ఎన్నడును త్రవ్వరాదు. చెరువులోపల దూరముగా తీయవలెను. చౌటి మన్ను పనికిరాదు. అది నీటిలో కరిగి కొట్టుకొనిపోవును. ఈ సంగతి క్రొత్తగా కనుగొన్నది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ళలో విజయనగర రాజకుమారుడైన భాస్కరుడు 1369లో వేయించిన శాసనమున చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములును, ఉండరాని ఆరు దోషములును చెప్పబడినవి. కట్ట నుండి నీరు ఊరుట, చౌటి నేల అను రెండును ఆ దోషములలోనివే. ఆ చెరువునకు దినమునకు వేయిమంది చొప్పున పనిచేసి రెండేండ్లలో ముగించిరట. ఆరువందల యేండ్లకు పైబడినను ఆ మాటలలో మార్చవలసినది కనబడదు.

ఇక మరవ సంగతి. దీనిని కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలననగా మరవ కడ జరుగు తప్పులు చాలవరకు తెలిసి చేయునవి. నీరు మరికొంత నిలుచునను ఆశతో మరవపై రాళ్ళు, మట్టి బస్తాలు పేర్చుట ఒకటి. మరవపై రెండడుగుల ఎత్తున పారు నీరు, ఒక అడుగు ఎత్తున పారు నీటికి రెట్టింపు కాదు, దాదాపు మూడింతలు. అనగా రెండడుగుల పారుదలకు కట్టిన మరవపై ఒక అడుగు బస్తాలు పెట్టినచో, అది పంపగల నీరు మూడవ వంతునకు తగ్గును. మిగిలిన నీరు కట్ట నెక్కును. వానలు ముగిసి, వంకలో పారుదల సన్నగిల్లిన పిదప మరవ రాళ్ళ నడుమ మన్ను పెట్టి నీటిని ఆపు ఆచారము పూర్వము కలదు. దానిని వానలకు ముందే చేయుట ఆచారము కాదు, సాహసము.

చేపలు కొట్టుకొనిపోకుండ మరవకు అడ్డముగా వలలు, తడికలు కట్టుట రెండవ తప్పు. చేపలు పెంచువారి నష్టము నిజమైనదే. వారితో దయగా మాటలాడవలెను. కాని వరదలో వచ్చు తుంగ, గుర్రపుడెక్క, కంప ఆ వలకు తట్టుకొని ఒక గంటలో మరవను గోడవలె మూసివేయును. వినాయక నిమజ్జనము వానలకు సరిగా ముందు వచ్చుచున్నది. విగ్రహముల కట్టెలు, ఇనుప కడ్డీలు మరవ కడను తూము ముఖము కడను చేరకుండ నిమజ్జనమునకు ప్రత్యేకముగా ఒక రేవు ఏర్పరచి, మూడవనాడు వానిని తీయించుట పంచాయతీ చేయదగిన సులభమైన పని. మరవ దిగువ కాలువను గూడ చూడవలెను. అందులో ఎవరైన ఇల్లు కట్టియున్నను, పైరు పెట్టియున్నను ముందుగానే చెప్పవలెను. నీరు వచ్చిన రాత్రి చెప్పిన మాట ఎవరికిని రుచింపదు.

తూమునకు ఎక్కువ చెప్పనక్కరలేదు. ముఖము కడ పూడిక తీసి, కడ్డీకి గ్రీజు పూసి, నీరు లేనప్పుడే రెండుమూడుసార్లు ఎత్తి దించి చూడవలెను. తూము రాతికట్టుబడియు మట్టి కట్టయు కలియుచోటనే సందులు ఏర్పడును గనుక అచ్చట మాత్రము వంగి చూడుడు.

నేడు మరియొక విశేషము కలదు. హంద్రీ-నీవా కాలువ వచ్చిన పిదప కొన్ని చెరువులు వానలకు ముందే సగము గాని, పూర్తిగా గాని నిండియుండుచున్నవి. ఇది మన తాతలు కోరుకొనని భాగ్యము కాదు. కాని నిండిన చెరువులో వరదకు చోటుండదు. అట్టి చెరువులకు మరవ శుభ్రముగా నుండుట రెట్టింపు అవసరము.

మన చెరువులు గొలుసుకట్టుగా నున్నవి. ఎగువ చెరువు తెగినచో దిగువ చెరువు తన వానకు గాక ఎగువవారి నీటికి తెగును. 2024 అక్టోబరులో కనగానపల్లి చెరువునకు గండి పడగా ఆ నీరు పండమేరులో కలిసి అనంతపురము పొలిమేరలలోని కాలనీలను ముంచెను. ఆ పండమేరు మీదనే 1364లో చిక్క ఒడయరు అనంతపురము, బుక్కరాయసముద్రము చెరువులను కట్టించెనని చరిత్ర. బుక్కరాయసముద్రము కట్ట తెగబోవగా ముసలమ్మ ఆత్మార్పణ చేసెనను కథను ఎరుగనివారు ఈ సీమలో అరుదు. మనకిప్పుడు కావలసినది మనిషి ప్రాణము కాదు. ఎగువ గ్రామ పంచాయతీ వారి ఫోను నంబరు, దిగువ గ్రామము వారి ఫోను నంబరు, రాత్రి రెండు గంటలకైనను మాటలాడుటకు సిద్ధముగానుండు ఒక సభ్యుడు.

కట్ట మొదట రెండు బండ్ల ఇసుక, ఒక బండి కంకర, కొన్ని ఖాళీ బస్తాలు, దీపములు ముందే చేర్చియుంచవలెను. వెలుపలి వాలున నీరు ఊరుచున్నచో భయపడనక్కరలేదు. ఆ నీరు తేటగా ఉన్నదా, బురదగా ఉన్నదా అని మొదట చూడవలెను. తేటనీటిని కనిపెట్టియుండిన చాలును. బురదనీరు వచ్చుచున్నదనగా కట్ట లోపలి మన్ను కొట్టుకొని వచ్చుచున్నదని అర్థము. అప్పుడు ఆ రంధ్రమును బంకమట్టితో మూయరాదు. మూసినచో నీరు మరియొక చోట ఇంకను బలముగా వెలువడును. దాని చుట్టు బస్తాలతో బావిగట్టువలె కట్టి, రంధ్రముపై మొదట ఇసుక, దానిపై చిన్న కంకర, దానిపై రాళ్ళు వేయవలెను. నీరు వచ్చును, మన్ను రాదు. వెంటనే ఇంజనీరుకు కబురు పంపవలెను. కట్టను నరికి నీరు వదలుట ఎవరి సొంత తీర్మానముతోను జరుగరాదు.

ఆ రాత్రి ఊరివారు పిలిచిన వెంటనే రావలెనని 1858లో మద్రాసు ప్రభుత్వము ఒక చట్టమే చేసెను. కుడిమరమ్మతు సడలిన కాలమున వచ్చిన చట్టమది. చట్టము కంటె ముందే వీధుల వారీగా పేర్లు వ్రాసి వంతులు ఏర్పరచుకొనిన గ్రామమునకు దానితో పనిలేదు.

చెరువు నిండిన పిదప మార్గశిర మాసమున మరల ఒకసారి కట్ట నడువవలెను. ఎక్కడ చెమ్మ ఊరినది, ఎక్కడ అలలకు రాతి పేర్పు జారినది, మరవ ఎన్ని అడుగులు పారినది, ఏ తేదీన పారినది ఒక పుస్తకమున వ్రాసి పంచాయతీ కార్యాలయమున ఉంచుడు. నీరున్నప్పుడు కనబడిన చెమ్మకు వెలుపలి వాలున ఒక రాతిగుర్తు పాతుడు. వేసవిలో పని చేయువారు ఎక్కడ త్రవ్వవలెనో ఆ రాయి చూపును.