పాఠం : ‘వేగరీస్’ – వాడవలసిన చోటు, వాడకూడని చోటు

ఈ పాఠం చదివిన తరువాత మీరు ‘వేగరీస్’ అనే ఇంగ్లీషు పదాన్ని దరఖాస్తులలోను, ఉత్తరాలలోను సరిగా వాడగలుగుతారు. ఎక్కడ వాడకూడదో కూడా గుర్తించగలుగుతారు. రెండవదే కొంచెం కష్టం.

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలంగాణ నుండి వెళ్ళి స్థిరపడిన నేత కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ నాలుగు మరమగ్గాలు నడుపుకునే ఒకాయన బ్యాంకు అప్పు రెండు వాయిదాలు కట్టలేకపోయాడనుకుందాం. గడువు కోరుతూ మేనేజరుకు ఇలా రాశాడు:

“బికాజ్ ఆఫ్ మార్కెట్ వేగరీ, ఐ కెనాట్ పే.”

ఆయన చెప్పదలచుకున్నది న్యాయమైనదే. మగ్గాల మీద నేసే పాలిస్టర్ నూలుకు ముడిసరుకు పెట్రోలియం నుండి వస్తుంది. ఎక్కడో చమురు ధర కదిలితే సూరత్‌లో నూలు ధర కదులుతుంది. ఆ కదలిక ఆయనకు ముందుగా తెలియదు, తెలిసినా ఆపలేడు. ఈ రెండు లక్షణాలూ ఉన్న మార్పులనే ‘వేగరీస్’ అంటారు. “వాన రాకడ, ప్రాణం పోకడ” అని మనవాళ్ళు అనేది ఇటువంటి వాటినే.

ఇక వాక్యం చూడండి. ఈ పదాన్ని దాదాపు ఎప్పుడూ బహువచనంలోనే వాడతారు. దాని వెనుక ‘ఆఫ్’ వచ్చి, ఏ విషయంలోని మార్పులో చెబుతుంది. ‘కెనాట్’ అన్నది ఇంకా పెద్ద పొరపాటు. ఇక ముందు కూడా కట్టలేనని దాని అర్థం. బ్యాంకు భయపడేది సరిగ్గా అందుకే! సరిచేసిన వాక్యం ఇది:

“బికాజ్ ఆఫ్ ద వేగరీస్ ఆఫ్ ద యార్న్ మార్కెట్, ఐ కుడ్ నాట్ పే టూ ఇన్‌స్టాల్‌మెంట్స్.”

దీని తరువాత ఎప్పటిలోగా కడతారో తేదీతో రాయాలి. ఎంత మంచి పదమైనా తేదీకి బదులు కాదు.

లాటిన్‌లో ‘తిరుగాడు’ అనే అర్థమున్న క్రియ నుండి ఈ పదం పుట్టింది. దేశదిమ్మరి అనే అర్థమిచ్చే ‘వేగబాండ్’ కూడా అక్కడి నుండి వచ్చినదే. ‘వేగ్’ అనే మాటదీ అదే మూలం. అయితే దాని అర్థం ‘అస్పష్టమైన’ అని. మూలం ఒకటే కదా అని ఒకదానికి బదులు మరొకటి రాయకండి.

దీపావళికి సూరత్‌లో మగ్గాలు ఆగుతాయి. అది ఏటా తెలిసిన సంగతి, కనుక ‘వేగరీస్’ కాదు. ధర పెరగడం, తగ్గడం మాత్రమే చెప్పాలంటే ‘ఫ్లక్చుయేషన్స్’ చాలు. తెలుగులో ఒడుదొడుకులు.

ఇప్పుడు అసలు చిక్కు. 2006 ఆగస్టులో తాపీ నదికి వరద వచ్చి సూరత్ నగరంలో చాలా భాగం మునిగింది. ఎగువన విపరీతంగా కురిసిన వానను ‘వేగరీస్ ఆఫ్ ద మాన్‌సూన్’ అనవచ్చు. కాని ఉకాయ్ జలాశయం నుండి ఎప్పుడు, ఎంత నీరు వదలాలన్నది మనుషులు తీసుకునే నిర్ణయం. దానిని కూడా ఈ పదంలో కలిపి రాస్తే అడగవలసిన ప్రశ్న అక్కడే ఆగిపోతుంది. నష్టపరిహారం కోరే దరఖాస్తులో ఈ పొరపాటు చేయకండి. వాన గురించి ఒక వాక్యం, నీటి విడుదల గురించి వేరొక వాక్యం రాయండి.

మీరే ప్రయత్నించండి

కింది వాటిలో ‘వేగరీస్’ ఎక్కడ సరిపోతుంది?
(అ) యజమాని రెండు నెలల కూలి ఎగ్గొట్టాడు.
(ఆ) విదేశాలలో గిరాకీ హఠాత్తుగా పడిపోయి వజ్రాల సానపని తగ్గింది.
(ఇ) ప్రతి జూన్‌లో బడి ఫీజు కట్టాలి.

జవాబు: (ఆ) మాత్రమే. (అ)లో చేసినవాడు తెలుసు, కనుక అతని పేరు రాయాలి. (ఇ) ముందే తెలిసినది.