స్లో దిగని ఇంజను

పాత కారు ఉన్న ఇళ్ళలో తరచు వినబడే ఫిర్యాదు ఒకటుంది. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసినా ఇంజను హోరు తగ్గదు. షెడ్డుకి తీసుకుపోతే, "స్లో ఎక్కువైంది సార్, తగ్గించేస్తా" అంటూ మెకానిక్ ఒక స్క్రూని అరచుట్టు తిప్పుతాడు. హోరు తగ్గుతుంది. యజమాని సంతోషంగా ఇంటికి పోతాడు. వారం తిరక్కుండానే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఆ స్క్రూ జోలికి పోకముందు ఏమేం చూడాలో, ఎందుకు చూడాలో విద్యార్థి మిత్రులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఉదాహరణకి అంబాసిడర్‌నే తీసుకుంటాను. ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నమూనా మీద పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో తయారైన ఈ కారు ఉత్పత్తి 2014లో ఆగిపోయింది. ముచ్చటపడి దాచుకున్నవాళ్ళు మాత్రం ఇంకా ఉన్నారు. చాలాకాలం అందులో ఉన్నది 1489 సి.సి. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను. బానెట్ ఎత్తితే అన్నీ కంటికి కనిపిస్తాయి, చేతికి అందుతాయి. పాఠం చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి నల్లబల్ల లేదు.

అసలు స్లో అంటే ఏమిటి?

ఇంజను వేడెక్కాక, గేరు న్యూట్రల్‌లో ఉండగా, కాలు ఆనించకపోయినా ఆగిపోకుండా తిరిగే కనీస వేగమే స్లో, అంటే ఐడ్లింగ్. ఇటువంటి ఇంజనుకి నిమిషానికి సుమారు 750 చుట్లు అనుకుందాం. నాలుగు సిలిండర్ల ఫోర్ స్ట్రోక్ ఇంజనులో చుట్టుకి రెండు పేలుళ్ళు. అంటే సెకనుకి 25. వేగం 1500కి పోతే సెకనుకి 50. ఈ తేడా కనిపెట్టడానికి మీటరు అక్కర్లేదు, చెవి చాలు.

పెట్రోలు ఇంజను వేగాన్ని శాసించేది గాలి. కార్బ్యురేటర్‌లో బటర్‌ఫ్లై అనే గుండ్రటి రేకు ఆ గాలికి తలుపు. స్లోలో ఈ తలుపు దాదాపు మూసుకుని, సన్నని సందులోంచి మాత్రమే గాలిని పోనిస్తుంది. పిస్టన్లు పీలుస్తూనే ఉంటాయి కనుక తలుపు వెనక మానిఫోల్డ్‌లో శూన్యత ఏర్పడుతుంది. బయట 30 అంగుళాల పాదరసం ఒత్తిడి ఉంటే, లోపల మిగిలేది సుమారు 12 అంగుళాలు, అంటే నూటికి 40 వంతులు.

ఇప్పుడొక చిన్న లెక్క. ఇంజను రెండు చుట్లకి 1489 సి.సి. నింపుకుంటుంది. 750 చుట్లకి 375 సార్లు, అంటే 558 లీటర్లు. అందులో 40 శాతం వేసుకుంటే, బయటి గాలి లెక్కన నిమిషానికి దాదాపు 220 లీటర్లు. ఇంతటి శూన్యత ఉన్నచోట 2 మిల్లీమీటర్ల రంధ్రం పడితే నిమిషానికి పాతిక లీటర్ల దాకా గాలి దూరుతుంది. 4 మిల్లీమీటర్లదైతే సుమారు 100 లీటర్లు. అంటే ఇంజనుకి స్లోలో కావలసిన గాలిలో దాదాపు సగం! పెన్సిలంత లావు కూడా లేని గొట్టం ఒకటి ఊడితే ఇంజను ఎందుకంత గోల చేస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది.

కనుక స్లో ఎక్కువైనప్పుడు వేసుకోవలసిన మొదటి ప్రశ్న "ఎంత తిప్పాలి?" అని కాదు, "గాలి ఎక్కణ్ణుంచి వస్తోంది?" అని.

చెవితో మొదలు

హోరు ఎక్కువగా ఉన్నా నున్నగా, ఒకే శ్రుతిలో ఉంటే తలుపే పూర్తిగా మూసుకోవడం లేదని అనుమానించాలి. హోరు ఎక్కువై, మధ్యమధ్య తడబడుతుంటే బయటిగాలి దూరుతోందనుకోవాలి. వేగం చివరికి దిగుతుంది గాని బద్ధకంగా దిగుతుంటే బటర్‌ఫ్లై ఇరుసు పట్టేస్తోందా, డిస్ట్రిబ్యూటర్‌లో ఏదైనా పట్టిందా అని చూడాలి. ఇవి తీర్పులు కావు, ఎటువైపు వెదకాలో చెప్పే ఆనవాళ్ళు.

చూడవలసిన వరస

మొదటిది, తలుపు. కాలికింద చాప పెడల్‌కి అడ్డం పడిందేమో చూడండి. పెడల్ నుంచి వచ్చే కడ్డీని కార్బ్యురేటర్ దగ్గర విడదీసి లీవర్‌ని వేలితో వెనక్కి నొక్కండి. హోరు తగ్గిందా, జబ్బు కడ్డీలోనో, సాగిపోయిన స్ప్రింగులోనో ఉంది. రెండు చుక్కల నూనె, కొత్త స్ప్రింగు చాలు.

రెండవది, చోక్. లోపల గుండీ నెట్టేసినా తీగ తుప్పుపట్టి అవతలి కొస వెనక్కి పోకపోవచ్చు. నల్లపొగ, పెట్రోలు వాసన దీనికి సాక్ష్యాలు.

మూడవది, దొంగగాలి. మానిఫోల్డ్‌కి తగిలించిన రబ్బరు గొట్టాలు ఉంటే ఒక్కొక్కటే ప్లయర్‌తో మెత్తగా నొక్కండి. ఏది నొక్కితే వేగం మారుతుందో ఆ దారిలోనే లీకు. కార్బ్యురేటర్ కింది గాస్కెట్ చుట్టూ, మానిఫోల్డ్ అతుకుల చుట్టూ సబ్బునీళ్ళు పూయండి. ఇంజను ఆ నీటిని పీల్చి గొంతు మార్చినచోట చిల్లి ఉన్నట్టు. కొందరు దీనికి పెట్రోలు చల్లుతారు. ఈ ఇంజనులో కార్బ్యురేటర్, కాలిపోతున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకేవైపున ఉంటాయి. అక్కడ పెట్రోలు చల్లడమంటే నిప్పుతో చెలగాటమే.

నాలుగవది, మంట వేళ. డిస్ట్రిబ్యూటర్ ముందుకి తిరిగి ఉన్నా, లోపలి బరువుల స్ప్రింగులు సాగిపోయినా స్పార్కు తొందరపడుతుంది. అదే మిశ్రమం నుంచి ఎక్కువ శక్తి వచ్చి వేగం పెరుగుతుంది.

ఇవన్నీ సరిచేశాక, ఇంజను బాగా వేడెక్కాక, ఐదవదిగా స్క్రూలు. వేగం స్క్రూ కొంచెం, మిశ్రమం స్క్రూ కొంచెం, మార్చి మార్చి తిప్పాలి.

నేను చూసిన ఒక కారులో వేగం స్క్రూని ఇద్దరు మెకానిక్‌లు వరసగా విప్పుకుంటూ పోయారు. చివరికి దాని కొన లీవర్‌ని తాకడమే మానేసింది. అయినా స్లో దిగలేదు! తాకని స్క్రూ నేరం ఎలా చేస్తుంది? బటర్‌ఫ్లై ఇరుసుని వేళ్ళతో పట్టుకుని ఊపితే కదిలింది. ఏళ్ళ తరబడి అరిగిన ఇరుసు పక్కనుంచే గాలి దూరుతోంది. ఇరుసుకి బుష్‌లు వేయించాక స్క్రూ మళ్ళీ ఉద్యోగంలో చేరింది.

"కాస్త హోరైతే ఏం పోయింది?" అనేవాళ్ళున్నారు. పోయేది పెట్రోలొక్కటే కాదు. ఘాట్‌రోడ్డులో దిగుతున్నప్పుడు కాలు తీస్తే ఇంజనే బండిని నిలవరించాలి. స్లో ఎక్కువైన ఇంజను ఆ పని సగమే చేస్తుంది, మిగతా భారమంతా బ్రేకుల మీద పడుతుంది. రద్దీలో గేరు వేసి క్లచ్ వదిలితే కారు ముందుకి తోసుకుపోతుంది. తాళం తిప్పి ఆపినా ఇంజను కొట్టుకుంటూనే ఉండటానికీ ఇదొక కారణం.

పరీక్ష చేసేటప్పుడు కారు ఆరుబయటే ఉండాలి. మూసిన గ్యారేజీలో కార్బన్ మోనాక్సైడ్ వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ లాగి, చక్రాలకి రాళ్ళు పెట్టండి. మెడలో తువ్వాలు, వదులు చేతుల చొక్కా ఫ్యాను దగ్గరికి రానీయకండి.

నేటి ఇంజెక్షన్ కార్లలో కార్బ్యురేటర్ లేదు, స్లోని కంప్యూటర్ చూసుకుంటుంది. కాని లెక్కకి రాని గాలి దూరితే అక్కడా ఇదే అల్లరి. ఈసారి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు, పెదనాన్నగారి పాత కారు హోరుమంటుంటే స్క్రూడ్రైవర్‌ని కాసేపు జేబులోనే ఉంచండి. ముందు వినండి, తరువాత వెదకండి. తిప్పడానికి స్క్రూ ఎక్కడికీ పోదు.