పెరటిలో అంజూరం: పండు దక్కే పద్ధతి

ఆయుర్వేదంలో పాలుగారే చెట్లకు ప్రత్యేక స్థానమున్నది. మర్రి, రావి, మేడి, జువ్వి మొదలైన వాటి పట్టలను ‘పంచవల్కలాలు’ అని పేర్కొని, ఆ కషాయంతో వ్రణాలను కడగమని వైద్యులు చెప్పారు. ఈ కుటుంబానికే చెందిన అంజూరం నేడు మధ్యతరగతి ఇళ్లలో నిత్యాహారమైంది. అయితే కొని తినడమే తప్ప పెంచుకొనేవారు అరుదు. నా పుట్టిల్లు నిర్మల్, మెట్టినిల్లు జగిత్యాల. ఈ రెండు చోట్లా అంజూరం పెంచబోయి నేను చేసిన పొరపాట్లు పాఠకులకు ఉపకరిస్తాయని ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మేడి వేరు, అంజూరం వేరు

మొదట నేను అంగడిలో ‘అంజీర్ మొక్క’ అని చెబితే నమ్మి కొన్నాను. కొన్నేళ్లకు దాని మొదలు చుట్టూ గుత్తులుగా కాయలు వచ్చాయి. అది మన వాగుల ఒడ్డున పెరిగే మేడి! అంజూరం ఆకు అరచేతి వలె చీలి, గరుకుగా ఉంటుంది. కాయలు కొమ్మపై ఆకు మొదట్లో పుడతాయి. మేడి ఆకుకు చీలికలుండవు. కాయలు మానుపైనే గుత్తులు కడతాయి.

మేడిపండులో పురుగులుంటాయని వేమన కాలం నుండీ వింటున్నాము. ఆ పండు లోపలే పూలుంటాయి. వాటికి పరాగాన్ని అందించే సన్నని కందిరీగలు లోనికి ప్రవేశిస్తాయి. మన దక్కనులో పెంచే పూనా రకం అంజూరానికి ఆ కీటకాల అవసరమే లేదు. పరాగసంపర్కం లేకుండానే పండుతుంది. కనుక ఇంటికి ఒక్క చెట్టు చాలును.

నేల, నాటే విధానం

రెండవసారి నిర్మల్‌లోని రేగడి నేలలో కొమ్మలు నాటాను. వానలకు నీరు నిలిచి వేళ్లు కుళ్లిపోయాయి. జగిత్యాలలోని ఎర్ర చలకలో అవే కొమ్మలు బ్రతికాయి. రేగడి నేల ఉన్నవారు అడుగున్నర ఎత్తు మట్టికట్ట పోసి దానిపై నాటాలి, లేదా ఒకటిన్నర అడుగుల లోతున్న గోలెంలో పెంచాలి. గోలెంలో సగం ఎర్రమట్టి, పావు ఇసుక, పావు మాగిన పశువుల ఎరువు కలిపితే సరిపోతుంది. అడుగున రంధ్రాలు తప్పనిసరి.

ఏడాది వయసున్న, పెన్సిలు కంటె లావైన కొమ్మను జానెడు పొడవున, మూడు నాలుగు కణుపులుండేలా కోసి, రెండు కణుపులు మట్టిలో మునిగేటట్లు నాటాలి. వేళ్లు దూరం ప్రాకుతాయి. కనుక బావి గోడకు, మురుగు గుంతకు దగ్గరగా నాటరాదు.

కాలమే కీలకం

చెట్టు పెరగడం సులభమే. పండు దక్కడమే కష్టం. మా చెట్టు తొలి కాపు శ్రావణంలో పండింది. వానకు పండ్లు పగిలి, పులిసి, ఈగల పాలయ్యాయి. ఆకులకు తుప్పు తెగులు కూడా సోకింది. విసిగి చెట్టును కొట్టివేయాలనుకున్నాను.

అప్పుడు పుణె సమీపంలోని పురందర్ రైతుల పద్ధతి తెలిసింది. 2016లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ అంజూరాలలో వానాకాలపు కాపును ‘ఖట్టా’ అని, వేసవి కాపును ‘మీఠా’ అని అంటారు. పేరులోనే రహస్యమున్నది. అంజూరం ప్రధానంగా కొత్త చిగురుపై కాస్తుంది. వానలు తగ్గిన చిత్త కార్తెలో కొమ్మలను సగానికి కత్తిరించి, రాలిన ఆకులను ఏరి కాల్చి, ఎరువు వేసి నీరు పెట్టాను. ఫాల్గుణం నుండి తియ్యని పండ్లు వచ్చాయి. పండే సమయంలో ఒకేసారి ఎక్కువ నీరు పోస్తే పండు పగులుతుంది. కొంచెం కొంచెంగా పోయాలి. తొడిమ వంగి, పండు మెత్తబడిన తరువాతనే కోయాలి. పచ్చిగా కోస్తే తీపి రాదు.

పాలతో జాగ్రత్త

ఒకసారి మధ్యాహ్నపుటెండలో ఉత్తచేతులతో కొమ్మలు కత్తిరించాను. రెండు రోజులకు మణికట్టుపై బొబ్బలు లేచాయి. అంజూరపు పాలు తగిలిన చర్మంపై ఎండ పడితే ఇట్లా కాలుతుంది. సాయంత్రం వేళ, చేతులకు తొడుగులు వేసుకొని కత్తిరించి, సబ్బుతో కడుక్కోవాలి. పులిపిరులకు ఈ పాలు పూసే అలవాటు మానడం మంచిది.

వంటింటిలో

ఎక్కువైన పండ్లను చీల్చి, పలుచని బట్ట కప్పి, వేసవి ఎండలో నాలుగైదు రోజులు ఆరబెట్టి డబ్బాలో దాచవచ్చు. రాత్రి రెండు ఎండు పండ్లు నానవేసి, ఉదయం నీటితో సహా తీసుకొంటే పీచు వలన విరేచనం సాఫీగా అవుతుంది. లేత మేడికాయలను కోసి ఉడికించి, నీరు వంపి, పెసరపప్పుతో కూర చేసుకోవచ్చు.

అయితే అంజూరంతో రక్తం పడుతుందని దానినే నమ్ముకోరాదు. 100 గ్రాముల ఎండు పండ్లలో ఇనుము సుమారు 2 మిల్లీగ్రాములే. భారత వైద్య పరిశోధన మండలి 2020లో స్త్రీకి రోజుకు 29 మిల్లీగ్రాములు సూచించింది. మా మేనత్త నీరసానికి ఆర్నెల్లు అంజూరాలే తిని, చివరకు పరీక్ష చేయిస్తే తీవ్ర రక్తహీనత బయటపడింది. ఎండు పండులో దాదాపు సగం చక్కెరే. మధుమేహమున్నవారు మితం పాటించాలి. పొటాషియం కూడా ఎక్కువ కనుక మూత్రపిండాల వ్యాధి గలవారు వైద్యుని అడిగి తినాలి.

రానున్న చిత్త కార్తెకు కత్తెర సిద్ధం చేసుకోండి. పెరటి చెట్టు ఆహారంగా మేలు చేస్తుంది. వైద్యాన్ని వైద్యునికే విడిచిపెడదాము.