మూడు వారాల దగ్గు... దుమ్మేనా?

ప్రశ్న: మావారు ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో కాంట్రాక్టు కార్మికుడు. మూడు వారాలుగా దగ్గు తగ్గట్లేదు. బొగ్గు దుమ్మే అంటున్నారు. ప్రభుత్వ వైద్య శాఖ మాకేం చేస్తుంది? – ఒక సోదరి, గోదావరిఖని

జవాబు: అమ్మా, దుమ్మే కదా అని ఊరుకోకండి. రెండు వారాలు దాటిన దగ్గుకు ముందు టీబీ పరీక్ష చేయించాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో తెమడ పరీక్ష ఉచితం. పొద్దున లేవగానే నోరు పుక్కిలించి, లోతుగా దగ్గి తీసిన తెమడే ఇవ్వాలి; ఉమ్మి పనికిరాదు. టీబీ అని తేలితే మామూలుగా 6 నెలల మందులు ఉచితం. పోషకాహారానికి నెలకు 1000 రూపాయల సాయం ఖాతాలో వేస్తారు. ఇంట్లోవాళ్లకూ పరీక్షలుంటాయి.

టీబీ కాకపోతే ఛాతీ ఎక్స్‌రే తీయించండి. బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు దెబ్బతినే జబ్బును చట్టం కింద ప్రకటిత వ్యాధిగా, అంటే అధికారులకు తప్పక తెలియజేయాల్సిన వ్యాధిగా గుర్తించారు. గనిలో పనిచేసేవారికి వైద్య పరీక్షలు చేయించే బాధ్యత యాజమాన్యానిది. కాంట్రాక్టు కార్మికులకూ ఆ హక్కుంది. ఆలస్యం చేయకుండా రేపే తీసుకెళ్లండి.