ఏ రూలు ప్రకారం కట్ చేశారు?

పాసుబుక్‌లో ప్రింటు వేయించుకున్నాక చాలామంది చూసేది చివరి అంకె ఒక్కటే. ఎంత మిగిలింది? ఈసారి దానిపై వరుసలు కూడా చూడండి. 17 రూపాయల 70 పైసలు అని ఉంటే అది ఎస్‌ఎంఎస్ చార్జీ కావచ్చు. 15 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ. మే నెలాఖరులో 20, 436 అని రెండు అంకెలు పడితే అవి ప్రధానమంత్రి బీమా పథకాల ప్రీమియంలు. లోన్ ఖాతా అయితే ‘ఇన్‌స్పెక్షన్’, ‘ప్రాసెసింగ్’, ‘పీనల్’ అన్న మాటలు కనిపిస్తాయి.

మొగుడంపల్లి మండలంలో చెరకు, అల్లం వేసే రైతు గానీ, తండాలో సంఘం లోను కట్టే మహిళ గానీ, జహీరాబాద్‌లో కాంట్రాక్టు పనికి పోయే కుర్రాడు గానీ కౌంటర్ దగ్గర అడిగే మాట ఒకటే: “పైసలెందుకు కట్ అయినయ్ సార్?” వచ్చే జవాబూ ఒకటే: “సిస్టమ్ కట్ చేసింది.” ఇంటికొచ్చి అన్యాయం అనుకుంటాం. బ్యాంకుతో పేచీలో ఆ మాట పెద్దగా పనికిరాదు. పనికొచ్చే ప్రశ్న వేరే ఉంది. ఏ రూలు ప్రకారం కట్ చేశారు? ఆ ప్రశ్న కాగితం మీద అడగాలి.

బ్రిటన్‌లో ఒకప్పుడు ఓవర్‌డ్రాఫ్ట్ చార్జీలు అన్యాయమంటూ ఖాతాదారులు పెద్దఎత్తున ఉత్తరాలు రాశారు, చాలామంది డబ్బు వాపసు తెచ్చుకున్నారు. కానీ 2009 నవంబరు 25న అక్కడి సుప్రీంకోర్టు, ఆ చార్జీలు ఎక్కువా తక్కువా అని తూచే అధికారం నియంత్రణ సంస్థకు లేదనేసరికి ఆ దారి దాదాపు మూసుకుపోయింది. మన దగ్గరా వడ్డీ ఎక్కువన్న ఒక్క కారణంతో కోర్టు బ్యాంకు లోనును తిరగదోడడానికి బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలోని 21ఏ సెక్షన్ అడ్డు. అయితే రిజర్వు బ్యాంకు ఆదేశాన్ని మీరి వసూలు చేస్తే ఆ అడ్డు బ్యాంకును కాపాడదని కార్పొరేషన్ బ్యాంక్ కేసులో సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. అందుకే రూలు తెలిసుండాలి.

మినిమం బ్యాలెన్స్ సంగతి ముందు చూద్దాం. బ్యాలెన్స్ తగ్గగానే జరిమానా వేయకూడదు. ముందుగా ఎస్‌ఎంఎస్‌తోనో ఉత్తరంతోనో తెలియజేసి, నెల గడువిచ్చి, ఆ తరువాతే వేయాలి. అదీ ఎంత తగ్గిందో దానికి తగ్గట్టు. ఆ చార్జీ ఒక్కదానివల్లే ఖాతా మైనస్‌లోకి పోకూడదు. 2014 నవంబరు 20 నాటి ఆర్‌బీఐ ఉత్తర్వు ఇది, 2015 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. రెండేళ్లుగా లావాదేవీ లేక నిలిచిపోయిన ఖాతాపై మినిమం బ్యాలెన్స్ జరిమానా అసలే వేయకూడదు, దాన్ని మళ్లీ తెరిపించడానికీ చార్జీ లేదు. జన్‌ధన్ ఖాతాకు మినిమం బ్యాలెన్సే లేదు. జన్‌ధన్ కాకపోయినా, మామూలు సేవింగ్స్ ఖాతాను బేసిక్ ఖాతాగా మార్చమని అడగొచ్చు. స్టేట్ బ్యాంకు 2020 మార్చిలోనే సేవింగ్స్ ఖాతాలకు ఈ జరిమానా ఎత్తేసింది. కెనరా, పంజాబ్ నేషనల్, ఇండియన్ బ్యాంకులు 2025లో ఆ దారి పట్టాయి. కాబట్టి మీ బ్యాంకు ఇంకా వేస్తోందా అన్నది మొదట అడగాల్సిన ప్రశ్న.

బీమా ప్రీమియంల విషయం కొంచెం సున్నితం. 20 రూపాయలది ప్రమాద బీమా, 436 రూపాయలది జీవిత బీమా, రెండింటికీ రెండేసి లక్షల కవరేజీ ఉంది. మీ సంతకమో సమ్మతో లేకుండా మొదలుపెట్టి ఉంటే ఆపమని రాసివ్వండి. కానీ రద్దు చేసే ముందు ఇంట్లో ఒక మాట అనుకోండి. ప్రీమియం కట్ అవుతున్నట్టు తెలియక, ఇంటి మనిషి పోయినా క్లెయిం వేయని కుటుంబాలు నాకు తెలుసు. కట్ అయిన 436ను తిట్టుకోవడం కన్నా పాత పాసుబుక్ తీసి చూడడం మేలు.

మినీ బ్యాంకు దగ్గర వేలిముద్ర వేసి పింఛను తీసుకుంటే “సర్వీస్” పేరుతో పదో ఇరవయ్యో పట్టుకుంటారు. బ్యాంకు తరఫున చేసే పనికి ఆ ఏజెంటు ఖాతాదారు చేతినుంచి నేరుగా రుసుము తీసుకోకూడదు. కమీషను బ్యాంకే ఇస్తుంది. రసీదు అడిగితే చాలు, చాలాచోట్ల ఆ పది తిరిగొస్తుంది.

ఇక పంట రుణం. మన ప్రాంతంలో అసలు నష్టం ఇక్కడే జరుగుతుంది, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ప్రాధాన్యతా రంగం కింద ఇచ్చే చిన్న లోన్లపై లోన్ సంబంధిత సర్వీసు చార్జీలు, ఇన్‌స్పెక్షన్ చార్జీలు వేయకూడదు. ఆ హద్దు ఇంతకుముందు 25 వేలు, 2025 ఏప్రిల్ నుంచి 50 వేలు. మహిళా సంఘాలకైతే ఈ 50 వేలను సంఘానికి కాదు, ఒక్కో సభ్యురాలికి లెక్కగట్టాలి. పది మంది సంఘం అయిదు లక్షలు తీసుకున్నా తలకు 50 వేలే అవుతుంది, అంటే చార్జీ పడకూడదు. ఇది ఆదేశం. దీనికి తోడు, 3 లక్షల వరకు కిసాన్ క్రెడిట్ కార్డు, పంట రుణాలపై ప్రాసెసింగ్, డాక్యుమెంటేషన్, ఇన్‌స్పెక్షన్, లెడ్జర్ చార్జీలు మాఫీ చేయమని బ్యాంకుల సంఘం ఐబీఏ 2019 ఫిబ్రవరిలో బ్యాంకులకు చెప్పింది. ఇది సలహా. రెంటికీ తేడా గుర్తుంచుకోండి. మొదటిదాన్ని హక్కుగా అడగొచ్చు. రెండోదానికి “మీ బ్యాంకు దీన్ని అమలు చేస్తోందా, లేదా?” అని అడగాలి.

పెద్దగా ఎవరూ చెప్పని రూలు ఇంకొకటుంది. అయిదెకరాల లోపు చిన్న, సన్నకారు రైతులకిచ్చిన స్వల్పకాలిక రుణంపై మొత్తం వడ్డీ అసలును మించకూడదు. 60 వేలు తీసుకుంటే వడ్డీ ఎన్నేళ్లయినా 60 వేలు దాటకూడదు. మరి లక్షన్నర బాకీ అని నోటీసు ఎలా వస్తుంది? రెన్యువల్ వల్ల. ఏటా బ్రాంచికి పిలిచి సంతకాలు పెట్టించుకున్నప్పుడు పాత వడ్డీని కలిపేసి కొత్త లోనుగా రాస్తే, నిన్నటి వడ్డీ ఇవాళ అసలైపోతుంది. ఆ గొలుసు విప్పాలంటే మొదటి లోను నాటి నుంచి స్టేట్‌మెంటు కావాలి. అడిగి తీసుకోండి. ఇక్కడ ఒక చిక్కుంది. 2025 జనవరి 1 నుంచి మన వైపు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. పాత లెక్కలు పాత బ్యాంకువని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బాకీ వసూలు హక్కు కొత్త బ్యాంకుకు వచ్చినప్పుడు జవాబు చెప్పే బాధ్యతా వచ్చినట్టే.

2024 జూలై 18 నుంచి విడతలుగా వచ్చిన 2 లక్షల రుణమాఫీ సొమ్ము ఏ తేదీన జమైందో అదే స్టేట్‌మెంటులో చూడండి. జమైన తరువాత కూడా ఆ మొత్తంపై వడ్డీ నడిచి ఉంటే అది అడిగి తెచ్చుకోవాల్సిన డబ్బు. గడువు దాటిన లోనుపై వేసే జరిమానా సంగతీ ఇంతే. 2024 నుంచి అమలైన రూలు ప్రకారం బ్యాంకు ‘పీనల్ చార్జీ’ వేయొచ్చు గానీ, దాన్ని అసలులో కలిపి దానిమీద మళ్లీ వడ్డీ గుంజకూడదు. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా వ్యవసాయ రుణానికి తాకట్టు అడగకూడదు. బంగారం మీరే ఇష్టపడి పెడితే వేరే మాట.

సంఘం లోన్ల దగ్గర తరచుగా వినే గొడవ, పొదుపు ఖాతాను హోల్డ్‌లో పెట్టడం. 10 లక్షల లోపు సంఘం రుణానికి తాకట్టు లేదు, సంఘం పొదుపుపై లీన్ వేయకూడదు, డిపాజిట్ పెట్టమని పట్టుబట్టకూడదు. ఆర్‌బీఐ మాస్టర్ సర్క్యులర్‌లో ఉన్న మాటే ఇది. మేనేజరు మంచివాడైనా కాకపోయినా రూలు మారదు.

వారం వారం, నెల నెలా ఇంటికొచ్చే మైక్రోఫైనాన్స్ సంస్థల సంగతి. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో ఆత్మహత్యల దాకా పోయాక ప్రభుత్వం అక్టోబరులో ఆర్డినెన్సు, తరువాత చట్టం తెచ్చింది. వడ్డీ అసలును మించకూడదని అందులోనూ ఉంది. అయితే ఆర్‌బీఐ రిజిస్ట్రేషన్ ఉన్న ఫైనాన్స్ కంపెనీలకు ఆ చట్టం వర్తించదని 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు తీర్పిచ్చింది. ఇప్పుడు చేతిలో ఉన్నవి 2022 నాటి ఆర్‌బీఐ నిబంధనలు. లోను కార్డు మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. మీ కుటుంబం కట్టే వాయిదాలన్నీ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందే కట్టేస్తే జరిమానా లేదు. వాయిదా తప్పితే ఆ తప్పిన మొత్తంపైనే జరిమానా, మొత్తం లోనుపై కాదు. ఇద్దరూ కలిసి నిర్ణయించుకున్న చోట వసూలు చేయాలి గానీ, గడప దగ్గర కూర్చుని పరువు తీయడం నేరుగా నిబంధన ఉల్లంఘనే. రికవరీ ఏజెంటు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తరువాత ఫోన్ చేస్తే కాల్ లిస్టు ఫొటో తీసి పెట్టుకోండి.

అడిగే కాగితం ఇంతే ఉంటే చాలు:

“బ్రాంచి మేనేజర్ గారికి. నా ఖాతా నంబరు ఫలానా. ఫలానా తేదీన ఫలానా పేరుతో ఇన్ని రూపాయలు కట్ అయ్యాయి. ఇది ఏ సర్క్యులర్ ప్రకారం, మీ చార్జీల పట్టికలో ఏ వరుస ప్రకారం వేశారో, నా సమ్మతి ఎప్పుడు తీసుకున్నారో రాతపూర్వకంగా తెలపండి. ఆధారం లేకపోతే జీఎస్టీతో సహా తిరిగి జమ చేయండి.”

తెలుగులోనే రాయండి. పాసుబుక్ పేజీ జిరాక్సు జతచేసి, రెండో కాపీపై బ్రాంచి ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయబోమంటే స్పీడ్ పోస్టులో పంపండి (పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో అందులోనే కలిసింది). చిన్న మొత్తాలు చాలావరకు ఈ మెట్టు దగ్గరే తిరిగొస్తాయి. 18 రూపాయల కోసం జవాబు రాయడం కన్నా వాపసు వేయడమే బ్రాంచికి తేలిక.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆలస్యం చేయకుండా అక్కడ ఫిర్యాదు వేయండి. ఆన్‌లైన్‌లో ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్‌లో గానీ, కాగితం మీద రాసి చండీగఢ్‌లోని కేంద్రానికి పోస్టులో గానీ పంపొచ్చు. వివరాలకు 14448 నంబరు ఉంది. పైసా ఖర్చు లేదు. వకీలు ద్వారా వేస్తే తీసుకోరు. మా వకీళ్లకు నచ్చకపోయినా మంచి రూలే అంటాను. గ్రామీణ బ్యాంకులు, పెద్ద ఫైనాన్స్ కంపెనీలు ఈ పరిధిలో ఉన్నాయి. ఊళ్లోని ప్రాథమిక సహకార సంఘం మాత్రం రాదు, దానిపై ఫిర్యాదు సహకార శాఖకు పోవాలి.

డబ్బుతోపాటు నష్టపరిహారమూ కావాలంటే సంగారెడ్డిలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. 5 లక్షల లోపు విలువకు ఫీజు లేదు, మీరే వాదించుకోవచ్చు. ఒకే గొడవను అక్కడా అంబుడ్స్‌మన్ దగ్గరా వేస్తే అంబుడ్స్‌మన్ కొట్టేస్తారు, ముందు ఎటో తేల్చుకోండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఆ నంబరు 15100.

అప్పు కట్టలేని స్థితే ఉంటే దాక్కోకండి. పొలంపై సర్ఫేసీ చట్టం (కోర్టుకు పోకుండా తాకట్టు ఆస్తి స్వాధీనం చేసుకునే చట్టం) కింద బ్యాంకు చేయి వేయలేదు, ఆ చట్టంలోని 31వ సెక్షన్ సాగు భూమిని మినహాయించింది. సివిల్ కోర్టుకు మాత్రం వెళ్లగలదు, కాబట్టి సమన్లు వస్తే తీసుకుని హాజరవ్వండి. బ్యాంకు ‘వన్ టైం సెటిల్‌మెంట్’ అంటే ఎంత, ఎప్పటిలోగా అన్నది లెటర్‌హెడ్ మీద తీసుకున్నాకే డబ్బు కట్టండి. సిబిల్‌లో అది ‘సెటిల్డ్’ అని పడుతుంది, పూర్తిగా కట్టినట్టు కాదు. తరువాత ట్రాక్టర్ లోను అడిగినప్పుడు అది అడ్డొస్తుంది. ఈ సంగతి సెటిల్‌మెంటు రోజున ఎవరూ చెప్పరు.

మీరు తీసుకోని లోను సిబిల్‌లో కనిపించినా, మాఫీ అయినది బాకీగానే ఉన్నా దిద్దించుకునే హక్కుంది. సిబిల్ లాంటి ప్రతి క్రెడిట్ సమాచార సంస్థా ఏడాదికొక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పు చూపి ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో సరిచేయకపోతే, ఆ తరువాత ప్రతి రోజుకూ 100 రూపాయలు మీకు చెల్లించాలి. 2024 ఏప్రిల్ 26 నుంచి ఇది అమల్లో ఉంది. ఆ డబ్బు ఏ ఖాతాలో వేయాలో ఫిర్యాదులోనే రాసివ్వండి.