పోటీ పరీక్షల ప్రత్యేకం: నైజీరియా కోల్డ్‌హబ్స్

ఆఫ్రికా యువ సాగు వ్యాపారాలు అనగానే విశాలమైన పొలాలు గుర్తొస్తాయి. కానీ అసలు అవకాశం కోత తర్వాతే ఉంది. నైజీరియాలో న్నాయెమెకా ఇకెగ్వువోను 2015లో ప్రారంభించిన కోల్డ్‌హబ్స్ ఇందుకు నిదర్శనం. సంతల్లో, పొలాల దగ్గర ఈ సంస్థకు సౌరశక్తితో నడిచే శీతల గదులు ఉంటాయి. రైతులు, చిరువ్యాపారులు టమాటాలను ప్లాస్టిక్ క్రేట్లలో నింపి లోపల పెడతారు. క్రేటుకు రోజుకింత అని అద్దె కడతారు. రెండు రోజుల్లో వాడిపోయే సరుకు సుమారు 21 రోజులు నిలుస్తుంది. ఇలాంటి సంస్థలు గ్రాంట్ల మీదే బతుకుతాయన్న విమర్శ ఉంది. తొలి పెట్టుబడి విషయంలో అది కొంత నిజమే. అయితే అక్కరకు రాని సేవకు చిన్నరైతు రోజూ డబ్బు తీయడు కదా!  కోత తర్వాతి నష్టాలు ఖండమంతటి సమస్యే: వాటిని 2025 నాటికి సగానికి తగ్గించాలన్న లక్ష్యాన్ని ఆఫ్రికన్ యూనియన్ 2014లో ఈక్వటోరియల్ గినీలోని మలాబోలో ప్రకటించింది.