గుండె నాళంలో రెండు వెలుగులు

జీవశాస్త్రంలో గుండె పాఠం మనమంతా చదివాం. ఆ పాఠంలో లేని ఒక సంగతి ఈసారి రాస్తున్నాను.

గుండె కండరానికి రక్తం అందించేవి హృదయ ధమనులు. వాటి గోడల్లో కొవ్వు పేరుకుని దారి ఇరుకైతే డాక్టర్లు స్టెంట్ వేస్తారు. స్టెంట్ అంటే జాలీలా అల్లిన చిన్న లోహపు గొట్టం. మనిషి హృదయ ధమనిలో స్టెంట్ వేయడం 1986లో ఫ్రాన్సులోని తూలూజ్ నగరంలో మొదలైంది.

మరి ఇబ్బంది ఎక్కడ? లోహం మన ఒంటికి పరాయి వస్తువు. రక్తం దానికి తగిలితే గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ దారి మూసేస్తే గుండెపోటే! కొన్నాళ్లకు నాళం లోపలి పొర పెరిగి తీగలను కప్పేస్తే భయం తగ్గుతుంది. అందాకా గడ్డ కట్టనివ్వని మాత్రలు వేసుకోవాలి. వాటితో రక్తం ఎక్కువగా పోయే ప్రమాదమూ ఉంది. అందుకే తీగల మీద పొర వచ్చిందా, లేదా అన్నది తెలియాలి.

మొదటి వెలుగు: దీని పేరు ఓ.సి.టి. 1991లో అమెరికా శాస్త్రవేత్తలు ప్రకటించారు. సన్నని గొట్టాన్ని నాళంలోకి పంపి, దాని గుండా పరారుణ కాంతిని గోడల మీద పడేట్టు చేస్తారు. తిరిగొచ్చిన కాంతిని బట్టి కంప్యూటర్ బొమ్మ గీస్తుంది. రక్తం కాంతికి అడ్డం కాబట్టి, ఆ కాసేపు వేరే ద్రవంతో రక్తాన్ని పక్కకు తోస్తారు. 10 నుంచి 20 మైక్రాన్ల వివరం కూడా కనబడుతుంది. 1000 మైక్రాన్లు కలిస్తే ఒక మిల్లీమీటరు.

కాని ఇది ఆకారమే చూపిస్తుంది. తీగ మీద ఉన్నది మంచి పొరా, పల్చటి గడ్డా అన్నది గట్టిగా చెప్పలేదు. ముగ్గు సున్నంతో వేసినా, బియ్యప్పిండితో వేసినా దూరానికి తెల్లగానే ఉంటుంది కదా! చీమలు పడితే అది పిండి అని తెలుస్తుంది.

రెండో వెలుగు: ఇక్కడ చీమల పని ఒక రంగు పదార్థం చేస్తుంది. రక్తపు గడ్డలో ఫైబ్రిన్ అనే పోగులుంటాయి. ఆ రంగు రక్తంలోకి ఎక్కిస్తే పోయి ఫైబ్రిన్‌ను పట్టుకుంటుంది. తగిన కాంతి పడగానే మెరుస్తుంది. దీన్ని ఫ్లోరోసెన్స్ అంటారు. అయితే మెరుపు ఒక్కటే చూస్తే గడ్డ ఏ తీగ మీద, ఎంత మందాన ఉందో తెలియదు. అందుకే రెండు వెలుగులనూ ఒకే గొట్టంలో కలిపారు.

బోస్టన్ పరిశోధకులు కుందేళ్లకు స్టెంట్లు వేసి ఇలా చూశారు. ఆ ఫలితాలు 2017లో పత్రికలో అచ్చయ్యాయి. ఓ.సి.టి.లో కప్పినట్టు కనబడ్డ కొన్ని తీగల మీద నిజానికి ఉన్నది ఫైబ్రిన్! ముఖ్యంగా మందు పూసిన స్టెంట్లలో అలా కనబడింది. దారి మళ్లీ ఇరుకు కాకుండా పూసిన ఆ మందు, పొర పెరగడాన్ని కూడా ఆలస్యం చేస్తుంది.

ఫైబ్రిన్‌ను పట్టే ఆ రంగు ఇంకా మామూలు వైద్యంలోకి రాలేదు. అయినా మనకు పనికొచ్చే మాట ఒకటుంది. స్టెంట్ వేయించుకున్నవాళ్లు మీ ఇంట్లోగాని, ఊళ్లోగాని ఉంటే, "నొప్పి లేదు, ఇక మాత్రలు ఎందుకు?" అని మానేయనివ్వకండి. డాక్టరు గారు చెప్పాకే ఆపాలి అని చెప్పండి. లోపల పొర వచ్చిందో లేదో నొప్పిని బట్టి తెలియదు.